రూపాయలలో ఆలస్యం

మన తెలుగులో 'అదను' అనే మాట ఒకటి ఉన్నది. విత్తటానికి ఒక అదను, కలుపు తీయటానికి ఒక అదను, కోతకు ఒక అదను. మృగశిరలో రావలసిన వాన ఆశ్లేషలో వచ్చినట్లయితే, కురిసిన నీరు కొలతకు సమానమే అయినప్పటికీ, పంట సమానం కాదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉర్దూలో 'వక్త్' అన్న మాటకు కూడా ఇటువంటి బరువే ఉన్నది. నమాజుకు వక్త్ ఉన్నది; వేళ దాటిన తరువాత చేసిన నమాజుకు 'ఖజా' అని వేరే పేరే పెట్టారు. చేసినది అవే రకాతులు, చదివినది అవే ఆయతులు. అయినా పేరు మారింది.

ఈ రెండు భాషల నడుమ పెరిగిన నాకు, మా వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ప్రాజెక్టు నిర్వహణ పాఠం చెప్పేటప్పుడు ఒక సూత్రం దగ్గరకు వచ్చేసరికి ప్రతి సంవత్సరమూ కొంత ఆశ్చర్యం కలుగుతుంది. ఆ సూత్రం పనిలో జరిగిన ఆలస్యాన్ని కొలుస్తుంది. కాని జవాబును దినాలలో చెప్పదు, నెలలలో చెప్పదు, రూపాయలలో చెబుతుంది. "మీ పని ఎన్ని రోజులు వెనుకబడింది?" అని అడిగితే "లక్షా ఎనభైవేల రూపాయలు" అని బదులు చెప్పే మనిషి ఎదురైతే మనం ఏమనుకొంటామో, మొదటిసారి ఈ పాఠం విన్న విద్యార్థులు కూడా దాదాపు అదే అనుకొంటారు.

ఆ సూత్రం పేరు 'షెడ్యూల్ వేరియన్స్'. కాల వ్యత్యాసం అనవచ్చును. దానికి ఆధారమైన భావన 'ఎర్న్‌డ్ వాల్యూ', అనగా ఆర్జిత విలువ. ఈ సంస్కృత పదం బరువుగా తోచిన వారికి మన తెలంగాణ మాట ఒకటి సిద్ధంగా ఉన్నది: సంపాదించటాన్ని ఇక్కడ 'కమాయించటం' అంటారు. కాబట్టి కమాయించిన విలువ. ఈనాటికి ఎంత పని జరగాలని ముందుగా అనుకొన్నామో, దాని వెల ప్రణాళిక విలువ. ఈనాటికి నిజంగా జరిగిన పనికి, మొదట ఒప్పుకొన్న ధరల ప్రకారమే కట్టిన వెల ఆర్జిత విలువ. ఆర్జిత విలువలో నుండి ప్రణాళిక విలువను తీసివేయగా వచ్చినదే కాల వ్యత్యాసం. ఋణసంఖ్య వస్తే పని వెనుకబడినట్లు, ధనసంఖ్య వస్తే ముందున్నట్లు. తీసివేయటానికి బదులు భాగించినట్లయితే ఒక సూచిక వస్తుంది. అది ఒకటికి తక్కువైతే వెనుకబాటు. ఈ మొత్తం లెక్కలో చేతి నుండి ఖర్చయిన సొమ్ము ఎక్కడా రాలేదని చదువరులు గమనించవలెను. ఖర్చయిన సొమ్ము మూడవ అంకె. అది వ్యయ వ్యత్యాసం కొరకు పనికివస్తుందే గాని కాలానికి సంబంధించినది కాదు.

ఈ పద్ధతిని 1967 డిసెంబరులో అమెరికా రక్షణ శాఖ 35 ప్రమాణాలుగా క్రోడీకరించి తన గుత్తేదారులపై విధించింది. అదే సంవత్సరం ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. ఎల్.బి.నగర్ కూడలి నుండి కొంచెం దక్షిణానికి వెళితే ఆ ఊరి పేరు మోస్తున్న సాగర్ రింగ్ రోడ్డు ఇప్పటికీ వస్తుంది. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదు; సంవత్సరం ఒకటి కావటం కాకతాళీయం. అయినా ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన ప్రభుత్వ ఇంజినీర్లు బ్రిటిషువారి కాలం నుండి 'మెజర్‌మెంట్ బుక్కు' అనే పుస్తకం ఉంచుతున్నారు. జరిగిన పనిని టేపుతో కొలిచి, కొలతలను రాసి, ఒప్పుకొన్న రేటుతో గుణించి, ఆ మొత్తానికే బిల్లు ఇస్తారు. అది ఆర్జిత విలువ కాక మరేమిటి? ఆ పుస్తకంలో లేనిదల్లా పక్కన ఇంకొక గడి: ఈనాటికి ఎంత జరగవలసి ఉండెను అన్న గడి. అమెరికావారు చేర్చినది ప్రధానంగా ఆ గడి అని నా అభిప్రాయం.

ఇక సొంత లెక్కకు వస్తాను. ఎల్.బి.నగర్‌కు ఆవల ఒక కాలనీలో మా అబ్బా పదవీ విరమణకు ముందు కట్టిన చిన్న ఇల్లు ఉన్నది. కొన్నేళ్ళ క్రితం చెల్లెలి నికాహ్ నిశ్చయమైనప్పుడు దానిపై ఒక అంతస్తు వేయాలని నిర్ణయించాము. నల్లగొండ నుండి, కర్నూలు నుండి వచ్చే బంధువులు పైన దిగవలెను. తరువాత ఆ భాగం అద్దెకు ఇచ్చి, తీసుకొన్న అప్పు తీర్చవలెను. మేస్త్రీతో పన్నెండు లక్షలకు, ఆరు నెలల గడువుకు మాట అయింది. నికాహ్ ఏడవ నెలలో.

నెలవారీగా ఒప్పుకొన్న పని ఇది. మొదటి నెలలో స్తంభాలు, 1,50,000 రూపాయలు. రెండవ నెలలో సెంట్రింగుతో సహా స్లాబు, 3,60,000. మూడవ నెలలో గోడలు, 2,40,000. నాలుగవ నెలలో లోపలా బయటా ప్లాస్టరింగు, 1,80,000. అయిదవ నెలలో తలుపులు, కిటికీలు, కరెంటు, నల్లా పనులు, 1,50,000. చివరి నెలలో గచ్చు, రంగులు, 1,20,000. మొత్తం పన్నెండు లక్షలు. కలుపుతూ పోతే, నెలాఖరులకు చేరవలసిన మొత్తాలు వరుసగా 1,50,000, 5,10,000, 7,50,000, 9,30,000, 10,80,000, 12,00,000. ఈ ఆరు అంకెలను చదువరులు కొంచెం గుర్తుంచుకొంటే తరువాతి లెక్క సులభమవుతుంది.

నాలుగవ నెల ముగిసేనాటికి అబ్బా చేతి నుండి తొమ్మిది లక్షలు వెళ్ళాయి. మేస్త్రీ ఎంతో నమ్మకంగా అన్నాడు: "సాబ్, నాలుగు నెలలల్ల తొమ్మిది లక్షల ముప్పై వేలు ఖర్చు కావాలె, తొమ్మిది అయినయి. మనం టైము మీదనే ఉన్నం." అబ్బా గణితం చదివినవారు కారు. కాని ఆయన అడిగిన ప్రశ్న మా పాఠ్యపుస్తకం కంటే సూటిగా ఉన్నది: "పైసలు టైము మీదనే ఉన్నయి మేస్త్రీ, గోడలు ఏవి?"

గోడలు ముప్పాతిక వంతు లేచాయి. అంటే 2,40,000లో 1,80,000. స్తంభాలు, స్లాబు పూర్తి. వాటి విలువ 5,10,000. ప్లాస్టరింగు మొదలుకాలేదు. తలుపుల సంగతి దగ్గర వాదన వచ్చింది. కర్ర అంతా తెచ్చి కింద వరండాలో పేర్చారు గనుక తలుపుల పని అంతా అయినట్లే లెక్కించమని మేస్త్రీ కోరాడు. గోడలో నిలబెట్టిన ద్వారబంధాలకు, కిటికీల చట్రాలకు, గోడలో వేసిన కరెంటు పైపులకు మాత్రమే విలువ కట్టి, అయిదవ నెల పనిలో నూటికి నలభై వంతులు, అనగా 60,000 ఇచ్చాను. వరండాలో ఉన్న కర్ర సామాను మాత్రమే, పని కాదు. కాబట్టి ఆర్జిత విలువ 7,50,000. ప్రణాళిక విలువ 9,30,000. వ్యత్యాసం ఋణ 1,80,000. సూచిక 0.81.

ఇటువంటి వాదన ఒక ఇంటికే పరిమితమైనది కాదు. సగంలో ఉన్న పనికి ఎంత విలువ కట్టాలన్నది ఈ శాస్త్రంలో అతి సున్నితమైన చోటు. కొందరు పని మొదలుపెట్టగానే సగం విలువ ఇచ్చి, ముగిసిన తరువాత తక్కిన సగం ఇస్తారు. కొందరు ముగిసేవరకు సున్న, ముగిసిన తరువాత నూరు అంటారు. నోటి మాటగా "తొంభై వంతులు అయింది" అని చెప్పేవాడిని మాత్రం ఎవరూ నమ్మకూడదు. ఆ తొంభై చాలా నెలలు తొంభైగానే ఉంటుంది. లెక్క ఎంత గొప్పదైనా, దానిలో వేసే అంకెను ఒక మనిషే వేస్తాడు, పైన చదివేవాడూ మనిషే. 1991 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఏ-12 అనే నౌకాదళ విమానం ప్రాజెక్టును రద్దు చేసింది. పని వెనుకబడిందనీ, ఖర్చు హద్దు దాటుతుందనీ ఈ పద్ధతి ప్రకారం వేసిన లెక్కలు ముందుగానే చెబుతూనే ఉండెను. పైకి పంపిన నివేదికలు మాత్రం ఆశావహంగా సాగెను.

మా ఇంటి కథలో విచిత్రం ఆరవ నెల చివర జరిగింది. అప్పటికి ప్రణాళిక ప్రకారం మొత్తం పన్నెండు లక్షల పని కావలెను. అయినది 10,20,000. వ్యత్యాసం మళ్ళీ ఋణ 1,80,000! రెండు నెలల క్రితం ఎంతో ఇప్పుడూ అంతే. సూచిక అయితే 0.81 నుండి 0.85కు పెరిగింది కూడా. ఈ రెండు అంకెలను మాత్రమే చూసే పెద్దమనిషి "పరవాలేదు, కొంత మెరుగుపడింది" అంటాడు. కాని గడువు ముగిసింది. నికాహ్ మూడు వారాలలో ఉన్నది. పైన గచ్చు లేదు, రెండు గదులకు ప్లాస్టరింగు లేదు, స్నానాల గదికి నీరు ఎక్కలేదు.

నికాహ్ అనుకొన్న తేదీకే జరిగింది. కార్డులు అచ్చయిన తరువాత తేదీ మారదు. మెట్లకు అడ్డంగా పరదా కట్టి, కింది భాగంలోనే కార్యం ముగించాము. ఎదురింటి ఆమె మా అమ్మీ దగ్గరకు వచ్చి, "వదినా, మా మేడమీద మూడు గదులు ఖాళీగనే ఉన్నయి, మీ చుట్టాలను అక్కడికే పంపుండ్రి" అన్నారు. కర్నూలు బంధువులు పన్నెండుమంది నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆమె పొద్దున్నే వారికి ఇడ్లీలు పంపితే, మా ఇంటి నుండి ఖుబానీ కా మీఠా వెళ్ళింది. ఈ సహాయానికి ఏ గడిలో ఎంత విలువ వేయాలో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఎనిమిదవ నెల చివరకు పని పూర్తయింది. మేస్త్రీ చెడ్డవాడు కాడు. పని గట్టిగా చేశాడు, ఇప్పటికీ గోడలో ఒక బీట లేదు. ఆనాడు నేను చివరి లెక్క వేశాను. ప్రణాళిక విలువ 12,00,000. ఆర్జిత విలువ 12,00,000. కాల వ్యత్యాసం సున్న. సూచిక ఒకటి. అంటే సూత్రం దృష్టిలో మా ఇల్లు సరిగ్గా సమయానికి పూర్తయింది!

ఇది కూడికలో జరిగిన పొరపాటు కాదు. సూత్రంలోనే ఉన్న గుణం. ప్రణాళిక విలువ ఆరవ నెలలో పన్నెండు లక్షల దగ్గర ఆగిపోయింది. అంతకంటే పైకి పోదు. ఆర్జిత విలువ ఎంత నెమ్మదిగా నడిచినా, పని ముగిసేనాటికి అక్కడికే చేరుతుంది. ఎనిమిది నెలలు పట్టినా అంతే, ఎనిమిది సంవత్సరాలు పట్టినా అంతే. పని మొదటి సగంలో ఈ సూత్రం చక్కని హెచ్చరిక ఇస్తుంది. చివరి మూడవ వంతుకు వచ్చేసరికి అది ఆలస్యాన్ని క్రమంగా మరచిపోతుంది. వేళ దాటిన నమాజుకు ఖజా అని పేరు పెట్టిన వారు ఈ లెక్క వేసి ఉండినట్లయితే ఇంత మరపు ఉండేది కాదేమో అనిపిస్తుంది.

ఈ లోపాన్ని చాలామంది ముందే గుర్తించినప్పటికీ, 2003లో వాల్టర్ లిప్కే అనే అమెరికన్ దీనికి ఒక తేలికైన ఉపాయాన్ని ప్రకటించాడు. 'ఎర్న్‌డ్ షెడ్యూల్' అని దాని పేరు. ఆర్జిత కాలం అందాము. అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈనాడు మనం కమాయించిన విలువను, ప్రణాళిక ప్రకారం ఏనాటికి కమాయించవలసి ఉండెను? ఆ దినాన్ని వెదకి, ఈనాటి దినంతో పోల్చుము.

మా ఇంటికి వేసి చూద్దాము. నాలుగవ నెల చివర ఆర్జిత విలువ 7,50,000. పైన గుర్తుంచుకొమ్మన్న వరుసలో ఆ అంకె మూడవ నెలాఖరున ఉన్నది. కాబట్టి ఆర్జిత కాలం మూడు నెలలు, గడిచినవి నాలుగు, ఆలస్యం ఒక నెల. ఆరవ నెల చివర 10,20,000. ఇది నాలుగవ నెల అంకె అయిన 9,30,000కు, అయిదవ నెల అంకె అయిన 10,80,000కు నడుమ పడుతుంది. ఆ నెలలో జరగవలసిన 1,50,000 పనిలో 90,000 జరిగింది, అంటే 0.6 వంతు. ఆర్జిత కాలం 4.6 నెలలు, ఆలస్యం 1.4 నెలలు. రూపాయలలో కదలకుండా నిలిచిన ఋణ 1,80,000 వెనుక ఆలస్యం ఒక నెల నుండి ఒక నెలా పన్నెండు రోజులకు పెరిగిందన్న మాట. ముగింపునాడు ఆర్జిత కాలం ఆరు, గడిచినది ఎనిమిది, ఆలస్యం రెండు నెలలు. ఇక్కడ సున్న రాదు. నాలుగవ నెలలోనే మూడును నాలుగుతో భాగించి 0.75 అని తెలుసుకొని, ఆరు నెలల గడువును దానితో భాగిస్తే ఎనిమిది నెలలు వస్తుంది. ఆనాడే తెలిసిన సంగతి ఇది. అందువలననే ఎదురింటి మేడ గురించి అమ్మీ ముందుగా మాట్లాడి ఉంచగలిగింది. రూపాయల సూచికతో భాగించి ఉంటే ఏడున్నర నెలల లోపే అని వచ్చేది.

దిల్‌సుఖ్‌నగర్ వాసులు ఈ సంగతిని తమ వీధిలోనే పెద్ద ప్రమాణంలో చూశారు. హైదరాబాదు మెట్రో రైలు నిర్మాణ ఒప్పందంపై 2010 సెప్టెంబరు 4న సంతకాలు జరిగాయి. అంచనా 14,132 కోట్ల రూపాయలు. 2012 జులై 5ను పని ప్రారంభ దినంగా తీసుకొని, అయిదేళ్ళలో, అనగా 2017 జులై నాటికి పూర్తి కావాలని గడువు పెట్టారు. మూడు మార్గాలు, సుమారు 72 కిలోమీటర్లు. అందులో మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వరకు 29 కిలోమీటర్ల మొదటి మార్గం మన విజయవాడ రహదారి మీదుగా వస్తుంది. మలక్‌పేట, న్యూ మార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ అని ఈ వైపు స్టేషన్ల వరుస. మొదటి రైళ్ళు 2017 నవంబరు 29న మియాపూర్, అమీర్‌పేట, నాగోలుల మధ్య ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు 16 కిలోమీటర్లు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనవి. జూబిలీ బస్ స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు 2020 ఫిబ్రవరి 7న.

ఆలస్యానికి కారణాలు అందరికీ తెలిసినవే. ఆస్తుల సేకరణ, భూమిలోని నీటి గొట్టాలు, తీగలు మార్చటం, రైల్వే పట్టాలు దాటే చోట్ల అనుమతులు, కొన్ని చోట్ల మార్గం మార్చాలా వద్దా అన్న చర్చలు. వాటి న్యాయాన్యాయాలు ఇక్కడ నా విషయం కాదు. చూడవలసినది ఏమంటే, మొదటి గడువు నుండి ఎల్.బి.నగర్‌కు పద్నాలుగు నెలలు పైగా, జూబిలీ బస్ స్టేషన్ మార్గానికి ముప్పై ఒక్క నెలలు గడిచాయి. ఈ దినాలు తేదీల తీసివేత వలన ఎవరికైనా తెలుస్తాయి. రూపాయల వ్యత్యాసం మాత్రం, పని ముగిసిన ప్రతి భాగానికీ, మా ఇంటికి వచ్చినట్లే, సున్నకు వచ్చి తీరవలసినదే.

రైలు మార్గానికి ఇంకొక చిక్కు ఉన్నది. అది ఇంటివంటిది కాదు. ఇంట్లో మూడు గదులు పూర్తయితే మూడు గదులలో కాపురం చేయవచ్చు. పదహారు కిలోమీటర్ల వంతెనలో రెండు స్తంభాల నడుమ ఒక్క ఖాళీ మిగిలినా రైలు ఆ చివరి వరకు పోదు. ఈ మెట్రో వంతెన ముక్కలను ఉప్పల్‌లో, కుత్బుల్లాపూర్‌లో ముందుగా పోతపోసి, రాత్రులు లారీల మీద తెచ్చి, స్తంభాల నడుమ యంత్రాలతో ఎత్తి కూర్చారు. ఇటువంటి పనిలో పోతపోసిన ముక్కకు యార్డులో ఉండగానే ఎంత విలువ కట్టాలి? మా వరండాలోని కర్ర ప్రశ్నే ఇక్కడ కోట్ల రూపాయలలో వస్తుంది. నూటికి తొంభై ఎనిమిది వంతుల విలువ కమాయించిన వంతెన కింద, కోచింగు కేంద్రం నుండి బయటకు వచ్చిన కుర్రవాడు బస్సు కొరకే నిలబడి ఉంటాడు. అతనికి తొంభై ఎనిమిదీ లేదు, రెండూ లేదు; రైలు ఉన్నదా లేదా అన్నదే ఉన్నది. ఇరుకైన రోడ్డు వారగా పండ్ల బండి పెట్టుకొనే మనిషికి నెల నెలా వేరువేరు ఆలస్యం. ఎండాకాలపు మామిడి అమ్మకం పోయిన నెల, వానాకాలపు నెల, అతని పుస్తకంలో సమానం కావు. రూపాయలలోనే కొలవవలసి వస్తే ఆలస్యాన్ని ఆ బండి వద్ద కూడా కొలవాలి. కాని అతడు ప్రాజెక్టు ఖాతాలో లేడు.

మా కళాశాలకు పాతబస్తీ నుండి వచ్చే పిల్లలు ఎక్కువ గనుక ఇంకొక విషయం చెప్పక తప్పదు. మొదటి ప్రణాళికలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు సుమారు అయిదున్నర కిలోమీటర్లు ఉన్నవి. ఆ దశలో అవి నిర్మాణం కాలేదు. 69 కిలోమీటర్లతో పని ఆగింది. తరువాత ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించి, ఏడున్నర కిలోమీటర్లుగా రెండవ దశలో చేర్చి, 2024 మార్చి 8న ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. లెక్కలు వేసేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండవలెను. ఒక భాగాన్ని ప్రణాళిక నుండి తీసివేయగానే దాని ప్రణాళిక విలువ కూడా పోతుంది. అప్పుడు ఆ భాగానికి ఋణసంఖ్య ఉండదు, సున్న కూడా ఉండదు. ఆ వరుసే ఉండదు. ఆర్జిత కాలం పద్ధతి కూడా ఇక్కడ సహాయం చేయలేదు. మొదట వేసిన ప్రణాళికను చెరపకుండా పక్కన ఉంచుకొన్నవాడికి మాత్రమే ఫలక్‌నుమా కనిపిస్తుంది. రెండవ దశ ప్రతిపాదనలలో ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్ వరకు 7.1 కిలోమీటర్ల మార్గం కూడా ఉన్నది. దానికి తేదీలు పెట్టేనాడు మొదటి కాగితాన్ని భద్రపరచుకొమ్మని మా విద్యార్థులకు చెబుతూ ఉంటాను.

పాఠం ముగింపులో ఈసారి వారికి ఒక అభ్యాసం ఇచ్చాను: మన సెమిస్టరు పాఠ్యాంశాన్నే ప్రాజెక్టుగా తీసుకొని కాల వ్యత్యాసం కట్టండి. మొత్తం 60 పీరియడ్లు, వారానికి నాలుగు, పదిహేను వారాలు. పదవ వారం ముగిసేసరికి 40 పీరియడ్ల పాఠం కావలెను. వానల సెలవులు, పండుగలు పోగా అయినది 34. వ్యత్యాసం ఋణ 6, వారానికి నాలుగు చొప్పున ఆర్జిత కాలం ఎనిమిదిన్నర వారాలు, ఆలస్యం వారంన్నర. ఇంతవరకు తరగతి అంతా ఏకాభిప్రాయంతో వచ్చింది.

అప్పుడు మలక్‌పేట నుండి వచ్చే ఒక విద్యార్థిని లేచి నిలబడింది. "సార్, మీరు చెప్పిన 34 పీరియడ్లు ఖర్చు అయిన పీరియడ్లు కదా. మీ ఇంటి లెక్కలో అబ్బా ఇచ్చిన తొమ్మిది లక్షలవంటివి. మాకు వచ్చినదే కమాయీ. అది ఎవరు కొలిచారు?" అన్నది. వెనుక బెంచీలవారు నవ్వారు గాని, ప్రశ్న నవ్వదగినది కాదు. మరునాడు అయిన పాఠాల నుండి ఒక్కొక్క భాగానికి రెండేసి ప్రశ్నలతో చిన్న పరీక్ష పెట్టాము. తరగతిలో సగానికి మించి జవాబు చెప్పగలిగిన భాగాలను మాత్రమే లెక్కించాలని వారే నియమం పెట్టారు. ఆ ప్రకారం 34 కాస్తా 29కి దిగింది. వ్యత్యాసం ఋణ 11. ఆలస్యం రెండు వారాల ముప్పావు. పరీక్ష తేదీ విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నది, అది జరగదు. ఆదివారానికి నాలుగు పీరియడ్ల చొప్పున మూడు ఆదివారాలు అదనపు తరగతులు పెట్టుకొందామని తీర్మానించాము. మూడవ ఆదివారం ఎల్.బి.నగర్‌లో పెళ్ళి ఉన్నదని ముగ్గురు అప్పుడే సెలవు చీటీలు రాసి ఇచ్చారు.